ముగ్గురం మూడు రకాల బళ్ళ మీంచి వచ్చాం, చిన్న స్పోర్ట్స్ బైక్ తీసుకోవచ్చా అన్నా?

ప్రశ్న: అన్నా, నాకు 36 ఏళ్ళు. కాలేజీలో 100 సీసీ బండి, ఉద్యోగం వచ్చాక 150 సీసీ, తర్వాత పెళ్ళి, పిల్లలు, కారు, అలా తొమ్మిదేళ్ళుగా బండి హ్యాండిల్ పట్టుకోలేదు. మా అక్క ఎనిమిదేళ్ళుగా రోజూ గేర్లు లేని స్కూటర్ నడుపుతుంది, గేర్ల బండి జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు. మా బావ దగ్గర 1000 సీసీ స్పోర్ట్స్ బైక్ ఉండేది, మూడేళ్ళ కింద అమ్మేశాడు. మొన్న ఒకరోజు ముగ్గురం కూర్చుని ఎవరం ఏ బండి మీద మొదలెట్టామో చెప్పుకుంటుంటే అర్ధరాత్రి అయిపోయింది, చివరికి ముగ్గురికీ 300, 400 సీసీ స్పోర్ట్స్ బైకుల మీద మనసు పడింది. ఫ్రెండ్స్ ఏమో ఆర్నెల్లలో బోర్ కొడుతుంది, డైరెక్టుగా 600 తీస్కోండి అంటున్నారు. అంత పెద్ద బండి నడిపాక ఇది బొమ్మలా అనిపిస్తుందేమో అని బావకి డౌట్. కాళ్ళు కింద అందుతాయా లేదా అని అక్కకి భయం. మా పాత అనుభవం ఎంతవరకు పనికొస్తుంది, ఏ బండి చూడాలి, ఎలా మొదలుపెట్టాలి? కొంచెం వివరంగా చెప్పన్నా.

జవాబు:

తమ్ముడూ, నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది ఏ బండి కొనాలి అని అడుగుతారు గానీ ఇప్పటిదాకా ఏం నడిపారో చెప్పరు. నువ్వు ముగ్గురి కథా రాశావు, నాకు నిజంగా సంతోషం వేసింది. ఎందుకంటే బండి సెలక్షన్ కంటే అదే ముఖ్యం. నువ్వు ఎక్కడ్నుంచి వస్తున్నావో అక్కడి అలవాట్లు నీ చేతుల్లో, కాళ్ళల్లో కూర్చుని ఉంటాయి. మామూలుగా వెళ్ళేటప్పుడు అవి కనపడవు, ఎదురుగా సడన్‌గా ఏదో అడ్డం వస్తే మాత్రం నువ్వు ఆలోచించేలోపే పాత అలవాటే పని చేసేస్తుంది. కొత్త బండికి ఆ అలవాటు సరిపోతుందా లేదా అన్నదే అసలు లెక్క.

ఇది నా సొంత మాట కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ టీమ్ లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 900 బైక్ యాక్సిడెంట్లని స్పాట్‌కి వెళ్ళి మరీ పరిశీలించి 1981లో రిపోర్టు ఇచ్చింది. అందులో ఒక విషయం నేను చదివినప్పట్నుంచీ మర్చిపోలేదు. యాక్సిడెంట్ అయినవాళ్ళకి సగటున దాదాపు మూడేళ్ళ రైడింగ్ అనుభవం ఉంది, కానీ సగం మందికి పైగా ఆ యాక్సిడెంట్ అయిన బండిని నడపడం మొదలెట్టి ఐదు నెలలు కూడా కాలేదు. అంటే వాళ్ళు కొత్తవాళ్ళు కాదు, బండి వాళ్ళకి కొత్త. ఇంకోటి, వందలో 92 మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, ఫ్రెండ్స్ దగ్గరో నేర్చుకున్నవాళ్ళే. రిపోర్టు పాతదే, అప్పటి బళ్ళకి ఏబీఎస్‌లు, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాట్లు, లేవు, అయినా మనిషి చేతి అలవాటు అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

కాబట్టి ముగ్గురి సంగతీ విడివిడిగా చెప్తా. ముందు మీ అక్క, ఎందుకంటే ముగ్గురిలో నాకు ఎక్కువ ఆలోచన ఆమె గురించే, కాళ్ళు అందడం గురించి మాత్రం కాదు, అది చివర్లో చెప్తా.

స్కూటర్ మీద ఎడం చేతి లివర్ ఏంటి? వెనక బ్రేక్. ఎనిమిదేళ్ళుగా రోజూ, కుక్క అడ్డం వచ్చినా, ఆటో సడన్‌గా ఆగినా, ఆమె ఎడం చెయ్యి గట్టిగా పట్టేస్తుంది, బండి ఆగుతుంది. గేర్ల బండి మీద అదే చోట, అదే వేళ్ళ కింద ఉండేది క్లచ్. ఆమె భయపడి దాన్ని పట్టేస్తే బండి ఆగదు, ఇంజన్ నుంచి చక్రం విడిపోయి ఇంకా ఫ్రీగా దొర్లుతుంది, ఇంజన్ ఇచ్చే ఆ కాస్త ఆపుదల కూడా పోతుంది. ఆ అర సెకను ఆమెకి ఏం అర్థం కాదు, బ్రేక్ పట్టాను కదా ఆగట్లేదేంటి అనుకుంటుంది. గంటకి 60లో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, అర సెకను అంటే ఎనిమిది మీటర్ల పైనే, రెండు కార్ల పొడవు. ఈ ఒక్క విషయం ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే నేర్పేవాళ్ళు గేర్లు ఎలా వేయాలో చెప్తారు, క్లచ్ మెల్లగా వదలమంటారు, అంతే.

దీనికి మందు ఒకటే, ఖాళీ గ్రౌండ్‌లో బండి ఇంజన్ ఆపేసి మొదలుపెట్టాలి. కూర్చుని, కళ్ళు ముందుకి పెట్టి, మీలో ఎవరో ఒకరు ఆపు అనగానే కుడి చేతి రెండు వేళ్ళతో ముందు బ్రేక్, కుడి కాలితో వెనక బ్రేక్, ఎడం చెయ్యి క్లచ్. రోజుకి యాభై సార్లు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, కానీ ఎనిమిదేళ్ళ అలవాటుని కడగాలంటే ఇలాంటి పనే కావాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఇరవైలో, తర్వాత ముప్ఫైలో, నలభైలో. ఆపు అన్నప్పుడు కుడి చెయ్యి దానంతట అదే కదులుతోంది అని ఆమెకే తెలిసేదాకా రోడ్డెక్కొద్దు. ఇంకో మాట, మీ బావ ఆమెకి నేర్పొద్దు. ప్రేమ లేక కాదు, ఉండబట్టే. భర్త నేర్పితే ఆమె తప్పు చేసిన ప్రతిసారీ ఆయన గొంతు పెరుగుతుంది, ఆమె బండి మీద కాకుండా ఆయన మొహం మీద దృష్టి పెడుతుంది. మంచి రైడింగ్ స్కూల్ ఉంటే అక్కడ చేర్పించండి, మొదటి రెండు రోజులైనా.

ఆమె తనతో తెచ్చుకునే మంచి కూడా చిన్నదేం కాదు. ఎనిమిదేళ్ళు ట్రాఫిక్‌లో రోజూ నడిపిన మనిషి ఏ కారు డోర్ తెరుచుకోబోతోందో, ఎవడు ఇండికేటర్ వేయకుండా తిరగబోతున్నాడో ముందే పసిగడుతుంది, ఆ చూపు నీకూ మీ బావకీ ఇప్పుడు ఉండదు. రోడ్డుని చదవడంలో మీ ముగ్గురిలో ఆమే సీనియర్.

ఇక నువ్వు. 100 సీసీ, 150 సీసీ, తర్వాత తొమ్మిదేళ్ళ గ్యాప్. నేనూ 100 సీసీ టూ స్ట్రోక్ మీదే మొదలెట్టినవాణ్ణి కాబట్టి నీ కాళ్ళల్లో ఏముందో నాకు తెలుసు. మనకి వెనక బ్రేకే బ్రేకు. ముందు బ్రేక్ పట్టావంటే పల్టీ కొడతావ్ అని చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పి ఉంటారు, మనం దాన్ని మనసులో రాసుకున్నాం. స్పోర్ట్స్ బైక్ మీద లెక్క పూర్తిగా తిరగబడుతుంది. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది, తేలికైన చక్రాన్ని పాత అలవాటుతో కాలితో గట్టిగా తొక్కితే అది లాక్ అయి పక్కకి జారుతుంది, ఏబీఎస్ ఉంటే లాక్ అవనివ్వదు గానీ బండి ఆగే దూరం మాత్రం తగ్గదు, ఎందుకంటే ఆ చక్రానికి పట్టే లేదు. ఆపే పని చాలావరకు ముందు చక్రానిదే. పల్టీ కొట్టేది ముందు బ్రేక్ పట్టినవాడు కాదు, దాన్ని ఒక్కసారిగా లాగినవాడు. మొదట లివర్‌ని మెత్తగా నొక్కు, ముందు ఫోర్కులు, అదే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు, కిందకి దిగడం నీ మణికట్టుకి తెలుస్తుంది, టైర్ రోడ్డుని అదుముకుంది అన్నమాట, అప్పుడు గట్టిగా నొక్కుతూ పో. నిమ్మకాయ పిండినట్టు, దోమని కొట్టినట్టు కాదు. నలభైలో వెళ్తూ ఒక చాక్ గీత దగ్గర మొదలుపెట్టి ఎక్కడ ఆగావో ఇంకో గీత గియ్యి, పదిసార్లు చేశాక రెండు గీతల మధ్య దూరం ఎంత తగ్గిందో నువ్వే చూస్తావ్.

నీ రెండో అలవాటు చెవిది. 100 సీసీ బండిని మనం ఇంజన్ కాస్త గట్టిగా అరవగానే పై గేర్‌లోకి మార్చేస్తాం, పెట్రోల్ కలిసొస్తుందని. చిన్న స్పోర్ట్స్ బైకుల్లో, ముఖ్యంగా యమహా ఆర్3, కవాసకి నింజా 400 లాంటి ట్విన్ సిలిండర్ (రెండు సిలిండర్ల) బళ్ళలో, అసలు పవర్ పది వేల ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. నువ్వు నాలుగు వేలకే గేర్ మారిస్తే మొదటి వారం దీనికి పికప్ లేదు అని నిరాశపడతావ్, చాలామంది అలాగే అనుకుని అమ్మేసుకుంటారు కూడా. కొత్త బండి అయితే రన్నింగ్ ఇన్ అయ్యేదాకా, అంటే కొత్త ఇంజన్ కుదురుకునేదాకా, మాన్యువల్ చెప్పిన హద్దులోనే ఉంచు, మొదటి సర్వీస్ అయ్యాక మెల్లమెల్లగా పైకి తీసుకెళ్ళడం నేర్చుకో, ఆ సౌండ్‌కి బండి పగిలిపోదు, అది పుట్టిందే అక్కడ తిరగడానికి.

తొమ్మిదేళ్ళ గ్యాప్ సంగతి. క్లచ్, గేర్లు ఒంటికి గుర్తుంటాయి, గంటలో తిరిగొస్తాయి. రానిది చూపు. కారులో ఇన్నేళ్ళు అద్దం వెనక కూర్చున్నాక రోడ్డు మీద ఇసుక, ఆయిల్ మరక, పెయింట్ గీత, మ్యాన్‌హోల్ మూత ఇవేవీ మన కళ్ళకి ఆనవు, ఎందుకంటే కారుకి వాటితో పని లేదు. మొదటి నెల కేవలం అవి చూడటం కోసమే పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు తిరుగు.

మీ బావ విషయంలో నేను కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఆయన దారిలోనే నేనూ వచ్చా. నాలుగేళ్ళు 1000 సీసీ బండి నడిపా, నాకు బాగా వచ్చు అనుకున్నా. ఒకసారి రేస్ ట్రాక్‌లో ఓపెన్ డే ఉంటే వెళ్ళా, అక్కడ ఒకతను 250 సీసీ నింజా మీద వచ్చాడు. స్ట్రెయిట్‌లో నేను అతన్ని దాటి కనపడకుండా పోయేవాణ్ణి, మలుపు రాగానే అతను నా లోపలి వైపు నుంచి వచ్చి వెళ్ళిపోయేవాడు, ప్రతి రౌండూ అంతే. మధ్యాహ్నం అడిగితే తన బండి ఇచ్చాడు, చాలా పెద్ద మనసు. దాని మీద మూడో మలుపులోకి వెళ్ళా, వంగా, వంగినప్పుడు ఇంజన్ సౌండ్ ఒక్కసారి కిందకి పడింది, వూఁ అని. అంటే నా కుడి చెయ్యి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మూసేసింది. నేను మూయాలనుకోలేదు. తర్వాతి రౌండ్ కూడా అదే చోట, అదే సౌండ్. నాలుగేళ్ళుగా నా పెద్ద బండి మీద కూడా అదే చేస్తున్నానన్నమాట, కానీ అక్కడ బయటికి రాగానే కొంచెం తిప్పితే 180 గుర్రాల (హార్స్‌పవర్) బలం వచ్చి ఆ తప్పుని తుడిచేసేవి, నాకు తెలిసేదే కాదు. చిన్న బండి దగ్గర తుడవడానికి ఏమీ లేదు, మలుపులో పోగొట్టుకున్న స్పీడ్ మళ్ళీ తెచ్చుకోవాలంటే స్ట్రెయిట్ మొత్తం పడుతుంది, కాబట్టి తప్పు ఎక్కడ చేశావో అక్కడే చెప్పేస్తుంది. ఆ సాయంత్రమే నా బండి అమ్మాలని అనుకున్నా, రెండు నెలల్లో అమ్మేశా, చిన్నది తెచ్చుకున్నా, ఇన్నేళ్ళయినా దాన్ని మార్చాలనిపించలేదు.

కాబట్టి బొమ్మలా ఉంటుందా అని మీ బావ అడిగితే, మొదటి వారం ఉంటుంది, నిజమే చెప్తున్నా. ఆయన చెయ్యి తిప్పుతుంది, ముందుకి దూకుడు రాదు, విసుగొస్తుంది. రెండో వారం నుంచి ఆయన చూడాల్సింది మలుపులోకి ఎంత స్పీడ్ తీసుకెళ్తున్నా అన్నది. ఇవాళ్టి 1000 సీసీ స్పోర్ట్స్ బైకులు మొదటి గేర్‌లోనే గంటకి 140 దాటుతాయి, అంటే మామూలు రోడ్డు మీద ఆ బండిలో సగం గేర్లని మనిషి ఎప్పుడూ పూర్తిగా వాడడు. చిన్న బండిలో అన్ని గేర్లూ, పూర్తి యాక్సిలరేటర్, రోడ్డు మీద ఉండాల్సిన స్పీడ్‌లోనే వాడొచ్చు. ఆ ఆనందం వేరు. ఆయన జాగ్రత్త పడాల్సిందల్లా ఒకటే, పెద్ద బండి మీద ఉండే బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు వేరే స్థాయివి, ఆయన వేళ్ళు వాటికి అలవాటు పడి ఉన్నాయి. చాలా చిన్న స్పోర్ట్స్ బైకులకి ముందు డిస్క్ ఒక్కటే ఉంటుంది, సస్పెన్షన్ కొంచెం మెత్తగా ఇస్తారు. పాత లెక్కలో బ్రేక్ లేటుగా పట్టుకుంటే మలుపు దాటిపోతాడు. బరువైన మనిషైతే వెనక ప్రీలోడ్, అంటే సస్పెన్షన్ స్ప్రింగ్ బిగింపు, ఒకట్రెండు మెట్లు పెంచుకోమను.

మీ ఫ్రెండ్స్ మాటకి కూడా జవాబు చెప్పాలి కదా. చిన్న స్పోర్ట్స్ బైక్ అంటే నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే మెట్టు, ఎక్కి దాటేయాల్సింది అని వాళ్ళు అనుకుంటున్నారు. 1980ల చివర్లో, 90ల మొదట్లో జపాన్ చూస్తే అది ఎంత తప్పో తెలుస్తుంది. అక్కడ 400 సీసీ దాటిన బండికి లైసెన్స్ రావడం మహా కష్టంగా ఉండేది, డ్రైవింగ్ స్కూళ్ళలో ఆ లైసెన్స్ తీసుకునే వీలు 1996లో గానీ రాలేదు. దాంతో కుర్రాళ్ళ ఆశలన్నీ 250, 400 బళ్ళ మీదే. పైగా కంపెనీలు తమలో తాము ఒప్పుకుని 250కి 45, 400కి 59 గుర్రాల హద్దు పెట్టుకున్నాయి. పవర్ పెంచి గెలవడానికి లేదు కాబట్టి బరువు తగ్గించడంలో, ఫ్రేముల్లో, బ్రేకుల్లో ఒకరితో ఒకరు పోటీ పడ్డారు. హోండా ఎన్‌ఎస్‌ఆర్250ఆర్ లాంటి టూ స్ట్రోకులు, నాలుగు సిలిండర్ల 250లు అప్పుడు పుట్టినవే, ఇవాళ్టికీ జనం వాటిని వెతుక్కుని మరీ కొని దాచుకుంటున్నారు. అవేవీ ఎవరికీ మెట్టు కాదు, వాటి కోసమే వాటిని ప్రేమించారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఈ క్లాసు చల్లబడింది, మళ్ళీ 2008లో కొత్త రూపంతో వచ్చిన నింజా 250ఆర్, 2011లో హోండా సీబీఆర్250ఆర్, 2014లో కేటీఎం ఆర్‌సీ 390, 2015లో యమహా ఆర్3, 2018లో నింజా 400, ఇలా లేచింది. 2017లో ఈ బళ్ళకే సూపర్‌స్పోర్ట్ 300 అని వరల్డ్ ఛాంపియన్‌షిప్ పెట్టారు. 2018లో దాన్ని స్పెయిన్ అమ్మాయి ఆనా కరాస్కో నింజా 400 మీద గెలిచింది, బైక్ రోడ్ రేసింగ్‌లో వ్యక్తిగత వరల్డ్ టైటిల్ గెలిచిన మొదటి మహిళ ఆమే, అదీ మగవాళ్ళతో కలిసి పోటీపడి, చివరి రేసులో, ఒకే ఒక్క పాయింట్ తేడాతో. ఇది మీ అక్కకి తప్పకుండా చెప్పు.

డైరెక్టుగా 600 అన్నవాళ్ళకి ఇంకో లెక్క. 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుని గంటకి 50లో తిరగాలంటే బండి సుమారు 33 డిగ్రీలు వంగాలి. అదే మలుపు 60లో అయితే దాదాపు 43. పది కిలోమీటర్ల స్పీడ్‌కి పది డిగ్రీలు! తొమ్మిదేళ్ళ గ్యాప్ ఉన్న మనిషి చేతిలో ఆ పది కిలోమీటర్లు ఎలా పెరిగాయో తెలియకుండానే పెంచేసే బండి ఉంటే మలుపు మధ్యలో భయం పుడుతుంది. భయపడితే చెయ్యి యాక్సిలరేటర్ మూసేస్తుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, కళ్ళు మలుపు చివర కాకుండా రోడ్డు అంచుని చూస్తాయి, కళ్ళు ఎటు చూస్తే బండి అటే పోతుంది. 600 తప్పు బండి కాదు, నీకిప్పుడు దాని పని లేదు, అంతే.

సరే, ఏ బండి అంటే, నీకూ మీ అక్కకీ నా ఓటు ట్విన్ సిలిండర్‌కే, ఆర్3 గానీ నింజా 400 గానీ. కొన్ని చోట్ల నింజా 400 బదులు 2024 నుంచి నింజా 500 వచ్చింది, అదీ బాగుంటుంది. రెండూ 170 కిలోలకి అటూఇటూ బరువు, హ్యాండిల్ మరీ కిందకి ఉండదు, మణికట్టు మీద బరువు తక్కువ, ఇంజన్ నున్నగా లాగుతుంది, సీటు ఎత్తు 780 మిల్లీమీటర్ల దగ్గర. ఆర్‌సీ 390 మంచి బండే, సింగిల్ సిలిండర్ కాబట్టి కింద నుంచే లాగుడు ఎక్కువ, బ్రేకులు, సస్పెన్షన్ చురుగ్గా ఉంటాయి, కానీ సీటు 820 దాటుతుంది, ముందుకి బాగా వంగి కూర్చోవాలి, వైబ్రేషన్ ఉంటుంది. అది మీ బావకి సరిపోతుంది. లేదంటే ఆయనకి ఏప్రిలియా ఆర్ఎస్ 457 చూడమను, 47 హెచ్‌పీ, ముందుభాగం మీద చాలా నమ్మకం ఇచ్చే బండి. యూరప్‌లో ఏ2 అనే మధ్యస్థాయి బైక్ లైసెన్స్‌కి 35 కిలోవాట్ల హద్దు ఉంది, దాదాపు 47 హెచ్‌పీ, ఈ బళ్ళన్నీ ఆ గీత దగ్గరో దాని కిందో ఆగేది అందుకే. మూడు బళ్ళూ ఒకేలాంటివి కొనాలని పట్టు పట్టొద్దు, మీరు ముగ్గురూ ఒకేలాంటివాళ్ళు కాదు కదా.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే మెరుపు చూసి మోసపోవద్దు, ఈ బళ్ళు చాలావరకు కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతుల్లోంచి వస్తాయి, ఒకసారైనా కింద పడి ఉంటాయి. పెయింట్ వేయించి ఉండొచ్చు గానీ బ్రేక్ లివర్ చివర గుండు అరిగిందా, హ్యాండిల్ చివర బరువులు గీసుకున్నాయా, ఫుట్ రెస్ట్ కొస రాసుకుపోయిందా చూడు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి అది ఆగే చోట ఫ్రేముకి ఉన్న చిన్న దిమ్మె నొక్కుకుపోయిందేమో వేలితో తడిమి చూడు, అది సొట్టపడితే గట్టిగానే పడింది అని అర్థం, వదిలెయ్. టైర్ పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది, చారలు ఎంత లోతుగా ఉన్నా ఐదారేళ్ళు దాటిన టైర్ గట్టిపడి ఉంటుంది, కొత్తవి వేయించుకోవడానికి డబ్బు పక్కన పెట్టుకో. కొత్త టైర్లు మొదటి వంద కిలోమీటర్లు జారుడుగా ఉంటాయి, వంచొద్దు.

ఒక చిన్న విషయం, ఎవరూ చెప్పరు. స్పోర్ట్స్ బైక్ హ్యాండిల్ తక్కువ తిరుగుతుంది. ఇంటి ముందు యూ టర్న్ కొడుతూ పూర్తిగా తిప్పేసరికి బొటనవేలు హ్యాండిల్‌కీ ట్యాంకుకీ మధ్య ఇరుక్కుంటుంది, నొప్పికి చెయ్యి లాగేస్తారు, యాక్సిలరేటర్ పోతుంది, బండి అక్కడికక్కడే పక్కకి ఒరిగిపోతుంది. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది ఇలా కూడా పడతారు. మొదటి రోజే ఆగి ఉన్న బండి మీద కూర్చుని రెండు వైపులా తిప్పి బొటనవేలు ఎక్కడ పెడితే ఇరుక్కోదో చూస్కోండి. తర్వాత ఖాళీ చోట, చూపు నేల మీద కాకుండా తిరగాల్సిన వైపు పెట్టి, వెనక బ్రేక్ కొద్దిగా పట్టి, క్లచ్ సగంలో ఉంచి ఎనిమిది అంకె వేయడం మొదలెట్టండి.

అలాగే నలభైలో తిన్నగా వెళ్తూ ఎడం వైపు హ్యాండిల్‌ని అరచేత్తో ముందుకి మెత్తగా తోయండి. బండి ఎడమకే వంగుతుంది. వినడానికి తేడాగా ఉంటుంది గానీ రెండు చక్రాల బండి ఒక స్పీడ్ దాటాక ఇలాగే తిరుగుతుంది, ఇన్నాళ్ళూ మనం తెలియకుండా చేస్తున్నదే. తెలిసి చేస్తే, సడన్‌గా గుంత వచ్చినప్పుడు తప్పుకోగలం. మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకుంటే చేతులు వదులుగా ఉంటాయి, మీ అక్కకి ఇది కొత్త, స్కూటర్ మీద మోకాళ్ళ మధ్య ఏమీ ఉండదు కాబట్టి రెండు వారాలు తొడలు నొప్పెడతాయి, కంగారు పడొద్దు.

ముగ్గురూ కలిసి వెళ్ళేటప్పుడు అక్కని చివర్లో పెట్టొద్దు. చివర ఉన్నవాళ్ళు అందుకోవాలని తమ స్థాయి దాటి నడుపుతారు. నువ్వు ముందు, ఆమె మధ్యలో, మీ బావ వెనక. నువ్వు అద్దంలో ఆమెని చూసుకుంటూ ఆమె స్పీడ్‌కి తగ్గట్టు పో, దారి మారే ప్రతి చోటా వెనకున్నవాళ్ళు కనపడేదాకా ఆగు. హెల్మెట్, గ్లవ్స్, జాకెట్, చీలమండ కప్పే బూట్లు ముగ్గురికీ బండి కంటే ముందే కొనండి. బండి వచ్చాక డబ్బు అయిపోయిందని గ్లవ్స్ తర్వాత చూద్దాం అంటారు, పడేటప్పుడు మనిషి మొదట నేలకి ఆనించేది అరచేతుల్నే.

చివరగా మీ అక్క కాళ్ళ సంగతి. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాల్సిన పని లేదు. ఆగేటప్పుడు నడుముని సీటు మీద కొంచెం ఎడం పక్కకి జరిపి ఎడం పాదం పూర్తిగా పెట్టి, కుడి పాదాన్ని వెనక బ్రేక్ మీదే ఉంచమను, ఆ ఒక్క కాలు చాలు. షోరూంకి వెళ్ళినప్పుడు స్టాండ్ తీసి ఐదు నిమిషాలు ఇదే చేసి చూడమను, మామూలు చెప్పులతో కాదు, తను రోజూ వేసుకోబోయే బూట్లతో. మడమ కిందకి ఒక అంగుళం తేడా వచ్చినా పర్లేదు, మునివేళ్ళ వెనక ఉండే దిట్టమైన భాగం ఆనితే సరిపోతుంది. బండి తెచ్చుకున్నాక ఆ గ్రౌండ్‌లో ఎడం చెయ్యి సంగతి ఎన్ని రోజులకి కుదిరిందో నాకు రాయమను, నిజంగా ఎదురు చూస్తుంటా.